ద్వీపముల నడుమ చిన్నవిమానములు



వర్షకాలమున గోదావరి పొంగినప్పుడు లంకగ్రామములలోని ఇల్లాండ్రకు కలుగు ఆరాటము మనలో కొందఱకు స్వానుభవము. పెక్కుమందికి విన్న సంగతి. ఇంట నిండుచూలాలుండును. మంత్రసాని తనకు చేతనైనంత చేసి, ఇక ఆలస్యము చేయక పట్టణమునకు కొనిపొండని చెప్పును. ఏటి ఉరవడి చూచి పడవవాడు సాహసింపడు. ఆ రాత్రి ఆ యింట నిద్రపోవువారెవ్వరు? ఆవలియొడ్డు కంటికి కనబడుచున్న లంకలకే ఇట్టి యవస్థ కలుగునప్పుడు, నడిసముద్రమున, చలికాలమంతయు గాలివానలకు లోనైయుండు దీవులలోని స్త్రీల సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు. అట్టి దీవులకు నేడు చిన్న చిన్న విమానములు ఎగురుచున్నవి. వానిలో ఎవ్వరు కూర్చుందురు, ఏమేమి ఎక్కింతురు అను సంగతి మన సోదరీమణులకు వినోదకరముగ నుండుటయే గాక, ఆలోచింపదగినదిగ కూడ నుండునని తోచి ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

బ్రిటను ఉత్తరభాగమైన స్కాట్లండు దేశమునకు పడమట హెబ్రిడీసు దీవులును, ఉత్తరమున ఆర్క్నీ, షెట్లండు అను ద్వీపసమూహములును కలవు. ఒక్క ఆర్క్నీయందే డెబ్బదికి దగ్గఱగా దీవులున్నను, సుమారు ఇరువదింటియందు మాత్రమే జనులు కాపురముందురు. పశువులను మేపుట, చేపలు పట్టుట, కొలదిపాటి సేద్యము వారి వృత్తులు. కొన్ని దీవులలో నూఱుగురు జనులైన లేరు. ఇట్టిచోట ఆసుపత్రి యెట్లు కట్టుదురు? పెద్దచదువుల పాఠశాల యెట్లు పెట్టుదురు? ఏది కావలసినను సముద్రము దాటి పోవలెను, లేదా సముద్రము దాటి రావలెను.

ఖాళీయైన ఒక దీవి

విమానములు రాకపూర్వము స్థితి యెట్లుండెనో తెలిసికొనుటకు సెంట్ కిల్డా అను దీవి కథ చాలును. అది హెబ్రిడీసు దీవులకును పడమట, సుమారు 40 మైళ్ల దూరమున, మహాసముద్రమునందున్నది. ఆ దీవివారు ఉత్తరములు పంపు విధము విచిత్రముగ నుండెడిది. కొయ్యను చిన్న పడవవలె తొలిచి, అందులో ఉత్తరమునుంచి మూతవేసి, గొఱ్ఱె మూత్రాశయమును గాలితో ఉబ్బించి దానికి కట్టి, గాలి యనుకూలముగ నున్నప్పుడు సముద్రమున విడిచెడివారు. అది కొట్టుకొనిపోయి ఒకప్పుడు స్కాట్లండు తీరమును, ఒకప్పుడు నార్వే తీరమును చేరెడిది. దొరకినవారు దానిని తపాలాకు అందజేసెడివారు.

ఉత్తరము ఆలస్యముగ చేరినను సహింపవచ్చును. ప్రాణాపాయము ఆలస్యమును సహింపదు. పందొమ్మిదవ శతాబ్దమున ఆ దీవియందు పుట్టిన శిశువులలో పెక్కుమంది ధనుర్వాయువుచే పురిటిలోనే పోవుచుండిరి. శుభ్రమైన పురుడుపోయు పద్ధతులు ప్రవేశించిన పిదపగాని ఆ పీడ తొలగలేదు. అది తొలగునప్పటికి యువజనులు దీవిని విడిచిపోవ మొదలుపెట్టిరి. 1930వ సంవత్సరారంభమున ఒక గర్భవతి జబ్బుపడెను. శీతకాలపు సముద్రమును దాటించి ఆమెను గ్లాస్గో పట్టణపు ఆసుపత్రికి చేర్చుట మిక్కిలి కష్టమయ్యెను. ఆమె ఆ సంవత్సరమునందే, ప్రసవానంతరము, ఆసుపత్రిలో మరణించెను; శిశువును దక్కలేదు.

అప్పటికి దీవియందు మిగిలినవారు 36 మంది. అచ్చట నుండిన నర్సు విలియమీనా బార్‌క్లే వారితో మాటాడి, ఇక నిచ్చట బ్రదుకుట కష్టమని నచ్చజెప్పెను. తమ్మందఱను ప్రధానభూమికి చేర్పుడని వారు ప్రభుత్వమునకు అర్జీ పెట్టుకొనిరి. 1930 ఆగస్టు 29వ తేదీ ఉదయమున ప్రతియింట బైబిలు తెఱచియుంచి, ప్రక్కన గుప్పెడు ఓట్సు ధాన్యము పోసి, తలుపులు వేసి, హేర్‌బెల్ అను నౌకనెక్కి వెడలిపోయిరి. కాపురములుండి పోవుచు దీపమార్పక వెడలు మన యిల్లాలివలె, ఆ స్త్రీలు ఇంటిని శూన్యముగ విడువలేకపోయిరి.

ఆకాశమార్గమున తొలి రోగి

ఇది జరిగిన మూడేండ్లకే, అనగా 1933 మే 14వ తేదీన, ఐలా అను దీవియందు ఒక జాలరి కడుపులో పుండు పగిలి ప్రాణాపాయ స్థితిలో నుండెను. ఓడలోను బండిలోను గ్లాస్గో చేరునప్పటికి దినమంతయు గడచును. అంతవఱకు అతడు నిలుచునను ఆశ లేదు. అంతకు కొలది కాలము క్రిందటనే మిడ్లండ్ అండ్ స్కాటిష్ ఎయిర్ ఫెర్రీస్ అను కంపెనీ ఆ ప్రాంతమున విమానములు నడుప మొదలిడియుండెను. కబురందుకొని జిమ్మీ ఒరెల్ అను విమానచోదకుడు డ్రాగన్ అను రెండింజనుల విమానములో వచ్చి ఆ రోగిని గ్లాస్గోకు కొనిపోయెను. శస్త్రచికిత్స జరిగి అతడు బ్రదికెను. స్కాట్లండున విమానముపై ఆసుపత్రికి చేరిన మొదటి రోగి యతడే.

ఆ కంపెనీలోనే వినిఫ్రెడ్ డ్రింక్‌వాటర్ అను యువతి విమానచోదకురాలుగ నుండెనని చెప్పుటకు సంతసించుచున్నాను. ఆమె 1913లో జన్మించెను. 1932లో, పందొమ్మిదేండ్ల వయస్సున, జీతమునకు విమానము నడుపు అనుమతిపత్రమును సంపాదించెను. 1933లో గ్లాస్గో చెంతనుండి పడమటి తీరమునకు, దీవులకు ప్రయాణికులను కొనిపోయెను, రోగులను మోసెను, లాక్ నెస్ సరస్సులో వింతజంతువున్నదని పుకారు పుట్టినప్పుడు దానిని వెదకుటకు బయలుదేఱిన పత్రికలవారిని సరస్సుపై త్రిప్పి చూపెను. ఆ కాలమున ఆడుది మోటారుబండి నడిపిననే జనులు వీధిలో నిలిచి చూచెడివారు. వివాహానంతరము ఆమె ఆ యుద్యోగమును విడిచెను.

మొదట రోగి విమానవ్యయమును ఎవ్వరు భరింపవలెననునది పెద్దచిక్కుగ నుండెను. స్థానిక సంఘములు కొంతకాలము భరించెను. 1948లో బ్రిటనున జాతీయారోగ్యసేవ ఏర్పడిన పిదప రోగి కుటుంబముపై ఆ భారము లేకుండపోయెను. ధనవంతుడైనను జాలరియైనను అదే విమానము, అదే శుశ్రూష. డేవిడ్ బార్‌క్లే అను విమానచోదకుడొక్కడే తన యుద్యోగకాలమున వేయికి పైగా ఇట్టి ప్రయాణములు చేసెను.

వెంటపోయిన నర్సులు

విమానము నడుపువాని పేరు పత్రికలలో పడును. రోగి ప్రక్కన కూర్చుండి, చేయిపట్టుకొని, ధైర్యము చెప్పిన నర్సు పేరు పెక్కుసార్లు పడదు. ఈ నర్సులు గ్లాస్గోలోని సదరన్ జనరల్ ఆసుపత్రిలో పనిచేయుచు, ఈ ప్రయాణములకు తామై పేర్లిచ్చినవారు. కబురు అర్ధరాత్రమున వచ్చినను, వాన కురియుచున్నను, బయలుదేఱవలసినదే. ఆ చిన్నవిమానము గాలికి ఊగుచుండ, ఇంజనుల మ్రోతలో రోగి మూలుగు వినబడక, ముఖము చూచియే బాధ గ్రహింపవలెను.

1957 సెప్టెంబరు 28వ తేదీ రాత్రి ఐలా దీవియందలి యొక రోగిని తెచ్చుటకు హెరాన్ అను విమానము పోయెను. వానయు క్రిందుగ క్రమ్మిన మేఘములును దారి కనబడనీయలేదు. దిగు ప్రయత్నమున విమానము నేలకూలి, అందున్న మువ్వురును మరణించిరి: విమానచోదకుడు, తంతివార్తలు చూచు అధికారి, నర్సు జీన్ కెన్నెడీ. ఆ కంపెనీవారు తమ రోగివిమానములకు వైద్యశాస్త్ర ప్రముఖుల పేర్లు పెట్టుట వాడుక. ఆ పిమ్మట మఱియొక విమానమునకు ‘సిస్టర్ జీన్ కెన్నెడీ’ అని పేరు పెట్టిరి. శస్త్రవైద్యపండితుల పేర్ల సరసన ఒక నర్సు పేరు నిలిచెను. అయినను నర్సులు ఆ పని మానుకొనలేదు. నేడు శిక్షణ పొందిన పారామెడిక్కులు ఆ పని చేయుచున్నారు. 2005లో అట్టి రోగివిమానమొకటి సముద్రమున కూలి విమానచోదకుడును, పారామెడిక్కును మరణించిరి. ఈ సేవ సుఖముగ సాగునది కాదని తెలుపుటకే ఇది వ్రాసితిని.

దుఃఖముతోపాటు సంతోషమును చెప్పవలెను. 1973 ఆగస్టులో ఆర్క్నీ దీవులయందు ఒక గర్భిణిని ఆసుపత్రికి కొనిపోవుచుండగా, నేల చేరువఱకు శిశువు ఆగలేదు. ఆకాశముననే ఆడుపిల్ల జన్మించెను. విమానము నడిపినవాని పేరులోని చివరి అక్షరములను, లోగన్‌ఎయిర్ అను కంపెనీ పేరులోని చివరి అక్షరములను జోడించి, తల్లిదండ్రులు ఆ బిడ్డకు ఒక పేరు పెట్టుకొనిరి. బియ్యముపై వ్రాసి చెవిలో చెప్పు మన బారసాలకు, ఆ కృతజ్ఞతకు భావమున భేదమేమున్నది? విమానమెక్కునప్పుడు లెక్కలో లేని ప్రయాణికురాలు దిగునప్పుడు లెక్కకు వచ్చెను.

సముద్రము తుడిచెడు విమానాశ్రయము

హెబ్రిడీసులోని బారా దీవియందలి విమానాశ్రయము సముద్రపు టిసుకయే. 1936 నుండి అచ్చట విమానములు దిగుచున్నవి. మూడు దారులకు గుఱుతుగ కొయ్యలు పాతియుందురు. పోటు వచ్చినప్పుడు ఆ దారులన్నియు నీట మునిగిపోవును. కావున విమానముల వేళలు పోటుపాటుల ననుసరించి మాఱుచుండును. మన పంచాంగమున తిథి చూచి ప్రయాణము పెట్టుకొనునట్లు, అచ్చటివారు సముద్రము వేళ చూచి ప్రయాణము పెట్టుకొందురు. విమానము లేనప్పుడు ఆ యిసుకలోనే జనులు గుల్లలు ఏఱుకొందురు. గాలి దిక్కు తెలుపు గుడ్డగొట్టము ఎగురుచున్నచో ఎవ్వరును ఆ యిసుకపైకి పోగూడదు.

రాత్రివేళ అచ్చట విమానము దిగు వాడుక లేదు. కాని ప్రాణాపాయము కలిగినప్పుడు ఊరివారు తమ బండ్లను ఇసుక యంచున నిలిపి దీపములు వెలిగింతురు. వెలుగుపడి మెఱయు పట్టీలను ఇసుకపై పఱతురు. ఎవరో యొకరి బిడ్డకొఱకు, ఎవరో యొకరి తల్లికొఱకు ఊరంతయు దీపము పట్టుట ఎంత చక్కని సంగతి!

నిత్యప్రయాణికులు

ఇంతవఱకు ఆపదలను గూర్చి చెప్పితిని. ఆపద లేని దినములలో ఈ విమానములెట్లుండునో చూతము. 1933 మే 8వ తేదీన కెప్టెన్ ఫ్రెసన్ అను నతడు స్కాట్లండు ఉత్తరభాగమందలి ఇన్వర్నెస్ పట్టణమునుండి ఆర్క్నీకి క్రమముగ విమానము నడుప మొదలుపెట్టెను. 1934 మే 29వ తేదీ మొదలు ఉత్తరములను కూడ అదే విమానము మోసెను. దానికి హెచ్చు రుసుము లేదు. సాధారణపు తపాలాబిళ్లయే చాలును. బ్రిటనులో ఇట్టి యేర్పాటు అదియే మొదటిది. గొఱ్ఱెమూత్రాశయము కట్టిన కొయ్యపడవ మఱుగుపడి నాలుగేండ్లు కాలేదు!

నేడు ఆర్క్నీలోని చిన్నదీవుల నడుమ తిరుగునది ఐలాండర్ అను విమానము. అది 1965లో తొలిసారి ఎగిరెను. నడుపువాడు గాక ఎనమండ్రు కూర్చుండవచ్చును. ఒక ప్రయాణికుడు నడుపువాని ప్రక్కనే కూర్చుండును. బరువు అటునిటు సరితూగవలెను గావున, ఎవ్వరెచ్చట కూర్చుండవలెనో వారి శరీరమును బట్టి నిర్ణయింతురు. పడవవాడు మనలను ‘అమ్మా, మీరిటు జరుగుడు’ అని సర్దునట్లే. బల్లలను ఊడదీసినచో మూటలకో రోగి పడకకో చోటగును.

ఈ విమానము వెస్ట్రే దీవినుండి పాపా వెస్ట్రే దీవికి పోవు ప్రయాణము లోకమున క్రమముగ నడచు విమానయానములన్నిటిలో పొట్టిదని ప్రసిద్ధి. దూరము 1.7 మైళ్లు, కోసెడు దూరమైన లేదు. నియమితకాలము రెండు నిమిషములు. గాలి అనుకూలించినప్పుడు ఒకసారి 53 సెకండ్లలో ముగిసెను. పాలు పొయ్యిపై పెట్టి పోయినను పొంగకమునుపే చేరవచ్చును. 1967 నుండి ఈ దీవుల నడుమ విమానములు తిరుగుచున్నవి.

దీనిలో ప్రయాణము చేయువారెవ్వరు? ఒక్కొక్క దీవికి ఒక్కొక్క సంగీతోపాధ్యాయుని ఉంచుట సాధ్యము కాదు. కావున సంగీతము, చిత్రలేఖనము నేర్పువారు దీవిదీవికి విమానముపై తిరుగుదురు. పెద్దతరగతుల పిల్లలు ముఖ్యపట్టణమైన కిర్క్‌వాల్‌లో వసతిగృహమున నుండి చదువుకొని, సెలవుదినములకు ఇల్లు చేరుదురు. ఆ విమానము దిగు వేళకు తల్లులు పొలముగట్టున నిలిచి చూచుచుందురు. దంతవైద్యుడు తన పనిముట్ల పెట్టెతో వచ్చును. పాపా వెస్ట్రేయందు అయిదువేల యేండ్లకు పైబడిన ఱాతియిండ్ల జంట నిలిచియున్నది. దానిని చూచుటకు పండితులు వత్తురు. నార్త్ రొనాల్డ్‌సే అను దీవియందు 1832లో కట్టిన పొడవైన ఱాతిగోడకు వెలుపల, సముద్రపునాచు తిని బ్రదుకు గొఱ్ఱెలున్నవి. వానిని చూచుటకు మఱికొందఱు వత్తురు.

అందఱికంటె నిత్యప్రయాణికురాలు ఒక బ్యాంకు ఉద్యోగిని. దీవులలో బ్యాంకు లేదు గనుక బ్యాంకే విమానమెక్కి పోవలెను. ఆమె డబ్బుసంచియు లెక్కపుస్తకములును తీసికొని దీవిదీవికి తిరిగి, ముసలివారి పింఛనులు, గృహిణుల పొదుపులు చూచెడిది. ఆమె పదివేలసార్లు ఇట్లు ప్రయాణము చేసెనట! 2016లో వెస్ట్రే, పాపా వెస్ట్రే దీవుల నడుమ పదిలక్షవ ప్రయాణికురాలుగ ఆమెనే గౌరవించిరి.

వింత సరకులలో డేగపిల్లలను కూడ చెప్పవలెను. తెల్లతోక సముద్రపుడేగ అను పక్షిజాతి 1918 నాటికి బ్రిటనున నిర్మూలమైపోయెను. దానిని మరల నెలకొల్పుటకై 1975 మొదలు 1985 వఱకు నార్వేనుండి 82 పిల్లలను తెచ్చి హెబ్రిడీసులోని రమ్ అను దీవిలో పెంచి విడిచిరి. వానిని నార్వేనుండి స్కాట్లండునకు తెచ్చినది బ్రిటిషువారి వైమానికదళపు పెద్దవిమానము. అచ్చటినుండి దీవికి పడవపై చేర్చిరి. సముద్రముపై కావలికాచు విమానము పక్షిపిల్లలకు డోలయైనది. నేడు ఆ డేగలు ఆ తీరమున గూళ్లు కట్టి పిల్లలు చేయుచున్నవి.

లాభనష్టములు

ఎనమండ్రు కూర్చుండు విమానమునకు టిక్కెట్టు డబ్బుతో ఇంజను ఖర్చు గిట్టునా యని సోదరీమణులు అడుగవచ్చును. గిట్టదు. ఆర్క్నీ దీవుల ప్రజాసంఘమువారు ప్రతిసంవత్సరము ధనమిచ్చి ఈ విమానములను నడిపించుచున్నారు. కొలదిమంది కొఱకు ఇంత వ్యయమేల, వారినందఱను పట్టణమునకు తెచ్చిన సరిపోదా యని వాదించువారు లేకపోలేదు. దానికి సమాధానము సెంట్ కిల్డాయందున్నది. అచ్చటి యిండ్లకు పైకప్పులు కూలెను. ఆ పొలములలో నేడు ఎవ్వరి వాండ్రును లేరు. పాపా వెస్ట్రేయందు 2001 జనాభాలెక్కలో 65 మందియుండగా, 2011లో 90 మందియైరి. ఇది ఒక్క విమానము వలననే జరిగినదని నేననను. ఊరివారు తమలో తాము సహకారసంఘము పెట్టుకొని అంగడి నడుపుకొనుచున్నారు, క్రొత్తగ వచ్చువారిని ఆదరించుచున్నారు. కాని బిడ్డకు జ్వరము వచ్చిన రాత్రి సహాయము వచ్చునను నమ్మకము లేనిచోట ఏ తల్లి కాపురము పెట్టును? సంసారపు లెక్కలలో కూడ దీపపు నూనె ఖర్చే గాని, లాభముక్రింద ఎవ్వరును వ్రాయరు. అందుచేత దీపము మానుకొనువారు లేరు.

మన బంగాళాఖాతమునందలి అండమాను, నికోబారు దీవులలో తెలుగువారు పెక్కుమంది స్థిరపడియున్నారు. అచ్చటను దీవిదీవికి ఓడలతోపాటు హెలికాప్టరులు తిరుగుచున్నవి. దూరపు దీవులనుండి రోగులను ముఖ్యపట్టణమగు శ్రీవిజయపురమునకు, అనగా పూర్వపు పోర్టుబ్లెయరునకు, చేర్చుచున్నవి. మన బంధువులు గాని ఎఱిగినవారు గాని అచ్చట నున్నచో, ఈ సంగతి వారికి క్రొత్త కాదు.

2023లో ఆర్క్నీయందు మనుష్యుడు లేకుండ ఎగురు చిన్నయంత్రములచేత ఉత్తరములను దీవులకు పంపుట మొదలుపెట్టిరి. ఇది మంచిదే, ఉత్తరమునకు తోడు అక్కఱలేదు. కాని నొప్పులు పడుచున్న స్త్రీ ప్రక్కన కూర్చుండి, చెమట తుడిచి, ‘ఇంక కొలది దూరమే, తల్లీ’ యని చెప్పుటకు మాత్రము మఱియొక మనుష్యుడు ఆ విమానమెక్కి రావలసినదే. ఇంతకాలము అట్లు వచ్చిన నర్సులలో పెక్కుమంది పేర్లు మనకు తెలియవు. వారు కాపాడి యింటికి పంపిన తల్లుల మనుమలు నేడు ఆ దీవులలో ఆడుకొనుచున్నారు.